లేజర్ ఇంప్లాంటూ, మన నెల రోజుల సెలవూ

మావారికి కింది దవడ పన్ను తీసేసి ఏడాదవుతోంది. "జులైలో ఇంటికెళ్తాంగా, ఆ నెలలోనే ఇంప్లాంటు పెట్టించుకుని వచ్చేద్దాం" అన్నారు. కరామాలో మా బిల్డింగులోనే ఇదే లెక్క వేసుకున్నవాళ్లు మరో ఇద్దరున్నారు. పైగా "లేజర్ చేసిన రకమైతే ఎముకకి వెంటనే అతుక్కుంటుంది" అని ఎవరో చెప్పారట. ఎప్పుడో చదివిన బీఎస్సీ కాస్త అక్కరకొచ్చింది.

ఇంప్లాంటు అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం పెట్టి, పరీక్ష అయ్యాక తీయబోతే ఊడి రాలేదు. ఎముక దాన్ని పట్టేసుకుంది! 1965లో మనిషి దవడలో అమర్చారు.

నున్నటి స్క్రూ కంటే గరుకుదాన్ని ఎముక బాగా పడుతుంది. ప్లాస్టరింగ్‌కి ముందు మేస్త్రీ నున్నటి పిల్లరుకి గాట్లు పెడతాడు చూడండి, అలాంటిదే. ఎక్కువ కంపెనీలు సన్నటి గట్టి పొడిని వేగంగా చిమ్మి, ఆమ్లంలో ముంచి గరుకు చేస్తాయి. లేజరైతే ఏ పొడీ తగలకుండా, కాంతితోనే లోహం పైపొరను చెక్కుతుంది. గీత ఎంత వెడల్పుండాలో ముందే నిర్ణయించుకోవచ్చు. ఒక రకంలో స్క్రూ మెడ దగ్గర గీతలు 8 మైక్రాన్లే. మన వెంట్రుక అంతకు ఎన్నో రెట్లు లావు. అక్కడ చిగురు కూడా బాగా అంటుకుంటుందని చెబుతారు.

అసలు సంగతి ఇక్కడుంది. బిగించిన రోజు స్క్రూ గట్టిగా ఉండేది మరల పట్టు వల్లే. తర్వాత శరీరం చుట్టూ ఉన్న పాత ఎముకను కొంత కరిగించి కొత్తది వేసుకుంటుంది. ఆ మధ్యలో, దాదాపు మూడు నాలుగు వారాల దగ్గర, పట్టు కాస్త సడలుతుంది. అంటే సరిగ్గా మనం తిరుగు విమానం ఎక్కే రోజులు! మంచి ఉపరితలం ఆ గండాన్ని తగ్గిస్తుందేగానీ తీసెయ్యదు. మామూలుగా కింది దవడకి రెండు మూడు నెలలు ఆగుతారు, పై దవడకి ఇంకొంచెం ఎక్కువ. కొందరికి వెంటనే పన్ను పెడతారు నిజమే, అది ఎముక చూసి డాక్టరు చెప్పాల్సిన మాట.

మావారికి షుగరుంది. అది అదుపులో లేకపోతే ఎముక మానడమే ఆలస్యం. కాబట్టి లేజర్‌కి అదనంగా డబ్బు పెట్టేముందు హెచ్‌బీఏ1సీ తగ్గించుకోమన్నాను. సిగరెట్టు మాటా ఎత్తాను, వినలేదనుకోండి.

చివరికి జులైలో స్క్రూ, డిసెంబరు ప్రయాణంలో పైపన్ను అనుకున్నాం. మధ్యలో తేడా వస్తే ఇక్కడి డాక్టరుకి చూపించడానికి ఇంప్లాంటు కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కరు అడిగి తెచ్చుకోవాలి. ఒక కంపెనీ స్క్రూకి ఇంకో కంపెనీ పనిముట్టు చాలాసార్లు పట్టదు.