ఇల్లు మోసే బండి – కాటా చెప్పిన పాఠం

అమెరికా వెళ్లి వచ్చినవారిని మిత్రులు మొట్టమొదట అడిగే ప్రశ్న, నయాగరా చూశారా అని. మేము దంపతులము 2022లో అయిదు నెలలపాటు ఆ దేశంలో ఉండి వచ్చాము. నయాగరా మాత్రం చూడలేదు. ఆ అయిదు నెలలలో అధిక భాగం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో, మా అబ్బాయి ఇంటి గ్యారేజీలో, ఒక పికప్ ట్రక్కు వెనుక తొట్టెలోనే గడిచిపోయింది. ఆ కథ మన పత్రిక పాఠకులకు, ముఖ్యంగా బరువులెత్తే యంత్రాల నడుమ పనిచేసే సోదరులకు, చెప్పదగినదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మా గురించి ఒక మాట. మాలో ఒకరు మన కర్మాగారపు యాంత్రిక నిర్వహణ విభాగంలో 33 సంవత్సరాలు పనిచేసి 2019లో పదవీ విరమణ చేశారు. రెండవవారు అదే 33 సంవత్సరాలూ టౌన్‌షిప్పు క్వార్టరులో ఇంటి నిర్వహణ చూశారు. వారికి ఇంకా పదవీ విరమణ కాలేదు.

ఎందుకీ బండి?

అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో ప్రజల ఉమ్మడి ఆస్తిగా ఉన్న భూమి అపారం. ఆ దేశపు భూనిర్వహణ సంస్థ ఒక్కదాని అధీనంలోనే సుమారు 24.5 కోట్ల ఎకరాలు ఉన్నది. అందులో చాలా చోట్ల ఎవరైనా సరే వెళ్లి విడిది చేయవచ్చు. సాధారణంగా ఒకేచోట 14 రోజులకు మించి ఉండరాదన్నదే నియమం. అయితే అక్కడ లాడ్జీ లేదు, కుళాయి లేదు, దీపం లేదు, టెలిఫోను అందదు. తారు రోడ్డు అయిపోయిన తరువాత ఇంకా ముప్ఫై, నలభై మైళ్ల మట్టిదారి ఉంటుంది. ఆ దారి వెంట వెళ్లి రాత్రి ఉండదలచినవారు ఇంటిని వెంట తీసుకొని పోవలసినదే.

అందుకు వారు కనిపెట్టిన సాధనాలలో ఒకటి, కప్పు పైకి లేచే క్యాంపరు. పికప్ ట్రక్కు తొట్టెలో సరిగ్గా ఇమిడే అల్యూమినియపు చట్రం గది అది. ప్రయాణంలో దాని కప్పు దిగి ఉంటుంది. ఎత్తు తక్కువ కాబట్టి గాలి ఒత్తిడి తక్కువ, మలుపులలో ఊగడం తక్కువ. విడిదికి చేరగానే లాచీలు విప్పి లోపలి నుండి చేతులతో నెట్టితే కప్పు పైకి లేస్తుంది. చుట్టూ మడతపడి ఉన్న గట్టి గుడ్డ గోడగా సాగుతుంది. డ్రైవరు క్యాబిను మీదికి చొచ్చుకొని వచ్చే భాగమే పడక. లోపల నిటారుగా నిలబడి వంట చేసుకోవచ్చు.

ఇందులోని చమత్కారమేమనగా, ఇది బండికి చేసే మార్పు కాదు. బండి మోసే సరుకు మాత్రమే. నాలుగు మూలలా నాలుగు టర్న్‌బకిళ్లతో తొట్టెకు బిగిస్తారు. యాత్ర ముగియగానే నాలుగు జాకీల మీద దానిని పైకెత్తి, క్రింద నుండి బండిని నడుపుకొని పోతారు.

గ్యారేజీలో వేసవి

మా అబ్బాయి క్యాంపరును ఖాళీ గదిగానే కొన్నాడు. లోపలి అమరిక మనమే చేసుకుందాము నాన్నా అన్నాడు. మాకు అంతకంటె కావలసినదేమున్నది? జూన్ నుండి సెప్టెంబరు దాకా ప్లైవుడ్డు కోసి సొరుగులు చేశాము. అరుగు వంటి పెట్టె కట్టి, దానిమీద పరుపు వేశాము. పగలు కూర్చోవడానికి, రాత్రి మూడవ మనిషి పడుకోవడానికి. కప్పు మీద 100 వాట్ల సౌరఫలకం, లోపల బ్యాటరీ, దానితో నడిచే చిన్న ఫ్రిజ్, నీటి ట్యాంకు, గ్యాసు పొయ్యి.

గ్యాసు విషయంలో ఒక కొత్త సంగతి తెలిసింది. మన వంటింటి సిలిండరులో ఉండేది ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమం. బ్యూటేను సున్నా డిగ్రీల దాపున ఆవిరి కావడం మానివేస్తుంది; ప్రొపేను సున్నాకు 42 డిగ్రీలు దిగువన కూడా ఆవిరవుతుంది. చలిప్రదేశం కనుక అక్కడ సిలిండరులో ప్రొపేను నింపుతారు. రెండు వాయువులూ గాలికంటె బరువైనవే. లీకైతే నేల మీదనే పేరుకుంటాయి. కాబట్టి గ్యాసు హెచ్చరిక గంటను మడమ ఎత్తున బిగించాము. కార్బన్ మోనాక్సైడుకు వేరుగా మరొక గంట పెట్టాము. పడుకునేటప్పుడు పొయ్యి ఆర్పి, గుడ్డ గోడకున్న కిటికీ నాలుగు వేళ్ల మేర తెరచి ఉంచాలన్న నియమం కూడా పెట్టుకున్నాము.

సెప్టెంబరు చివరకు పని పూర్తయింది. ప్రెషర్ కుక్కరు, ఇనుప దోసె పెనము, ఆవకాయ జాడీ, చిన్న గ్రైండరు సైతం వాటి వాటి స్థానాలలో కుదురుకున్నాయి. చూడముచ్చటగా ఉన్నది. ఇక బయలుదేరడమే తరువాయి.

కాటా మీద

ఆ దేశంలో డ్రైవరు తలుపు తెరిస్తే, తలుపు ఆనుకునే స్తంభం మీద చిన్న ఫలకం కనబడుతుంది. మనుషులు, సరుకులు కలిపి ఈ బండి ఎంత బరువు మించరాదో దానిమీద ముద్రించి ఉంటుంది. మా అబ్బాయి బండికి ఆ అంకె 748 కిలోలు. నిండు ట్యాంకు ఇంధనంతో ఖాళీ బండి బరువు 2,427 కిలోలు. రెండూ కలిపి 3,175 కిలోలు, అదే హద్దు.

బయలుదేరడానికి వారం ముందు, సామానంతా సర్ది, నీరు నింపి, ముగ్గురమూ ఎక్కి, జాతీయ రహదారి ప్రక్కన లారీలు తూచే కాటా మీదికి బండిని నడిపించాము. చీటీ చేతికి వచ్చింది. 3,293 కిలోలు. హద్దుకు మించి 118 కిలోలు.

మా అబ్బాయి పెద్దగా కలత చెందలేదు. వెనుక స్ప్రింగులకు తోడుగా అమర్చే గాలి బుడగలు వస్తాయి నాన్నా, అవి వేస్తే బండి వెనుకభాగం క్రుంగదు అన్నాడు. మాలో కర్మాగారంలో పనిచేసినవారికి ఈ మాట కొత్త కాదు. క్రేను గర్డరు మీద ఎస్.డబ్ల్యు.ఎల్. అని పెద్ద అక్షరాలతో వ్రాసి ఉండే అంకెను ఎరుగని ఉద్యోగి మనలో లేడు. మరొక్క టన్నేగదా, తాడు గట్టిదేగదా అన్నవారినీ చూశాము. ఆ మాటకు మూల్యం చెల్లించిన రోజులనూ చూశాము. తాడు మార్చినంత మాత్రాన క్రేను శక్తి పెరగదు. అలాగే స్ప్రింగు బలపరిస్తే బండి నిటారుగా నిలబడుతుంది గాని ఇరుసు, బ్రేకులు, టైర్లు, ఛాసిస్ వెనుకటివే. ఫలకం మీది అంకె వాటన్నింటినీ కలిపి చెప్పిన మాట. క్రుంగిన బండి కనీసం హెచ్చరిస్తుంది. బుడగ వేసిన బండి ఆ హెచ్చరికను కూడా దాచివేస్తుంది.

ఆ రాత్రి భోజనాల బల్ల మీద కాగితం పరచి లెక్క వ్రాశాము. క్యాంపరు 454. మనుషులు ముగ్గురు 205. నీరు 76. గ్యాసు సిలిండరు 17. బ్యాటరీ 29. చెక్కపని 26. ఉపకరణాలు, పార, టైర్లకు గాలి కొట్టే యంత్రము 12. ఫ్రిజ్ 12. పక్కలు, బట్టలు 12. వంట సామగ్రి, దినుసులు 23. మొత్తము 866.

నీటితో మొదలుపెట్టాము. ఎడారి ప్రాంతంలో మనిషికి రోజుకు నాలుగు లీటర్లు కావాలంటారు. ముగ్గురికి మూడు రోజులకు 36. కనుక 40 ఉంచి 36 తీసివేశాము. పెద్ద సిలిండరు బదులు చిన్నది పెడితే 12 తగ్గింది. సీసపు బ్యాటరీ స్థానంలో లిథియం ఐరన్ ఫాస్ఫేటుది వేస్తే 17 తగ్గింది. గడ్డకట్టే చలిలో ఆ రకం బ్యాటరీని చార్జి చేయరాదు కనుక దానిని లోపలి పెట్టెలోకి మార్చాము. నాలుగు నెలలు చేతులారా చేసిన ప్లైవుడ్డు సొరుగులు విప్పి, గుడ్డ సంచులు తగిలిస్తే మరో 17 తగ్గింది. అది కొంచెము కష్టమే అనిపించింది. దోసె పెనము, గ్రైండరు, ఆవకాయ జాడీలో మూడు వంతులు దించితే 8. ప్రెషర్ కుక్కరు దించడానికి మాత్రం మాలో రెండవవారు ఒప్పుకోలేదు. ఎత్తైన ప్రదేశంలో నీరు తక్కువ వేడికే మరుగుతుంది, కుక్కరు లేనిదే పప్పు ఉడకదు అన్నారు. అది శాస్త్రసమ్మతమైన వాదన కనుక అంగీకరించాము.

మొత్తము తగ్గినది 90. ఇంకా 28 కిలోలు అధికం. తీయడానికి సామాను లేదు.

అప్పుడు మాలో ఉద్యోగం చేసినవారు, నేను ఇంటి వద్ద ఉంటాను, మీరిద్దరూ వెళ్లి రండి అన్నారు. వారి బరువు 68 కిలోలు, లెక్క సరిపోతుంది. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. పిదప రెండవవారు అన్నారు: "ముప్ఫై మూడేళ్లు షిఫ్టులని పండుగకు లేరు, పబ్బానికి లేరు. వీడు మొదటిసారి నడిచిన నాడు మీరు బి షిఫ్టులో ఉన్నారు. ఇప్పుడు ఏ షిఫ్టూ లేదు గదా, కిలోల లెక్క చెప్పి ఇంట్లో ఉంటారా?"

మా అబ్బాయి లేచి వాకిట్లోకి వెళ్లాడు. ఎవరితోనో ఫోనులో మాట్లాడి అరగంటకు తిరిగి వచ్చాడు. వాడి సహోద్యోగి, ప్రొద్దుటూరు నుండి వెళ్లిన యువకుడు, తన జీపుతో వస్తానన్నాడు. అసలు ఆ మట్టిదారులలో ఒంటరి బండితో పోరాదని, రెండు బండ్లు ఉంటే ఒకటి చెడినా రెండవది మనుషులను బయటపడవేస్తుందని అనుభవజ్ఞులందరూ చెప్పే మాటే. అంత ముఖ్యమైన జాగ్రత్తను మేము మరచిపోయి ఉన్నాము. 118 కిలోల అధిక బరువే దానిని గుర్తుచేసింది.

సాన్ రాఫెల్ స్వెల్

అక్టోబరు మొదటి వారంలో బయలుదేరాము. బయలుదేరే ముందు మరల కాటా మీదికి ఎక్కాము. హద్దుకు 40 కిలోలు తక్కువ. దక్షిణంగా మూడు గంటలు పోయి, కాసిల్ డేల్ అనే చిన్న ఊరి దాపున తారు రోడ్డు విడిచాము. అక్కడ ఆగి టైర్లలో గాలి కొంత తగ్గించాము. మట్టిదారి మీద మెత్తని టైరు కుదుపును తాను మ్రింగుతుంది, పట్టు పెంచుతుంది. పది మైళ్లు పోయిన పిదప టర్న్‌బకిళ్లు తడిమి చూస్తే రెండు వదులైనాయి. బిగించినది వదులు కాదని నమ్మరాదన్నది నిర్వహణ విభాగంలో మొదటి రోజు నేర్పే పాఠం.

ఆ సాయంత్రం వెడ్జ్ అనే చోట లోయ అంచుకు దూరంగా విడిది చేశాము. క్రింద ఎంతో లోతున సాన్ రాఫెల్ నది సన్నని దారంలా ఉన్నది. కప్పు లేపి, పప్పన్నము వండుకొని నలుగురమూ తిన్నాము. జీపు అబ్బాయి తన గుడారంలోనూ, మేము ముగ్గురమూ క్యాంపరులోనూ పడుకున్నాము. మా అబ్బాయితో ఒకే గదిలో నిద్రించి ఎన్నేళ్లయిందో లెక్కకు అందలేదు. తెల్లవారుజామున గుడ్డ గోడకు లోపలివైపు మా ఊపిరి చెమ్మ ముత్యాలై నిలిచి ఉన్నది.

మరునాడు బక్‌హార్న్ లోయలో రెండువేల ఏళ్లకు పైబడినవని చెప్పే శిలాచిత్రాలు చూసి నది వద్దకు దిగాము. అక్కడ 1937లో నిర్మించిన ఊయల వంతెన ఒకటి ఉన్నది. దానిని పడగొట్టలేదు, ఈనాటి బండ్లకు ప్రక్కనే వేరొక వంతెన వేసి, పాతదానిని కాలినడకకు ఉంచారు. మోయగలిగినంతే మోయిస్తే ఎంత పాతదైనా నిలుస్తుంది. దానిమీద మేమిద్దరమూ మెల్లగా నడిచి ఆవలి ఒడ్డుకు వెళ్లి వచ్చాము.

ఇది చదివి మన వాహనాలకు ఇటువంటి గది కట్టించాలని ఎవరికైనా ఉత్సాహం కలిగితే ఒక మనవి. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. రవాణా శాఖ వారిని ముందుగా సంప్రదించవలెను. గది కట్టకపోయినా, సంక్రాంతికి కారు నిండా మనుషులు, పైన సామాను వేసుకొని ఊరికి పోయేవారము మనమందరమూ. ఒక్కసారి కాటా మీద ఆగి చూడండి. ఏది దించాలో అప్పుడు తెలుస్తుంది. ఎవరిని దించరాదో కూడా తెలుస్తుంది.