మీకు తెలుసా? ‘రన్’ అంటే ఒట్టి పరుగు కాదు!

‘రన్’ అంటే పరుగు అని ఒకటో తరగతిలోనే నేర్చుకుంటాం. క్రికెట్ పుణ్యమా అని అది మన ఇళ్లలో తెలుగు మాటే అయిపోయింది. కానీ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ ఈ ఒక్క క్రియకే 645 అర్థాలు చూపిస్తోంది! వాటి లెక్క తేల్చడానికి నిఘంటుకారుడు పీటర్ గిలివర్‌కు సుమారు తొమ్మిది నెలలు పట్టింది. ఎంత ఓపిక!

ఇంగ్లిష్‌లో నది పారినా రన్నే, జలుబు చేసి ముక్కు కారినా రన్నే. ఉతికినప్పుడు బట్ట రంగు దిగడం, కొట్టు నడపడం, స్నానానికి తొట్టిలో నీళ్లు పట్టడం, పత్రికలో వార్త వేయడం కూడా అదే మాట. అన్నిటికంటే ముచ్చటైనది ఎన్నికల సంగతి. పోటీ చేసే అభ్యర్థి బ్రిటన్‌లో ‘స్టాండ్’ అవుతాడు, అమెరికాలో ‘రన్’ అవుతాడు. ఒకచోట నిలబడటం, ఇంకోచోట పరుగెత్తడం! మన అభ్యర్థులూ బ్రిటన్‌వాళ్లలాగే నిలబడతారు.

ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ 1989 నాటి రెండో కూర్పులో ‘సెట్’ అనే క్రియదే పైచేయి. దానికి దాదాపు 430 అర్థాలు. తర్వాత సవరణలు జరిగే కొద్దీ 2000లో ‘మేక్’, 2007లో ‘పుట్’, 2011లో ‘రన్’ వరుసగా ముందుకొచ్చాయి. ‘రన్’ ఇంతగా పెరగడంలో యంత్రాల పాత్ర పెద్దది. రైలు నడిచినా, ఇంజిన్ ఆడినా, కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ పనిచేసినా ఇంగ్లిష్‌వాళ్లు ఈ పాత మాటనే అందుకున్నారు.