భాగం 14: ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి లోహ నమూనాల తయారీ – స్వయంచాలన పద్ధతులు

14.0 ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• నమూనా తయారీలో పుట్టే కృతక లక్షణాలను గుర్తించగలుగుతారు.
• స్వయంచాలిత పాలిషింగ్ యంత్రం ఏ రాశులను అదుపు చేస్తుందో వివరించగలుగుతారు.
• ఒక దశలో ఎంత లోహం తొలగిందో లెక్కకట్టగలుగుతారు.
• జంట జెట్ పద్ధతిని, అయాన్ పుంజ పద్ధతిని పోల్చగలుగుతారు.
• యంత్రానికి వదిలేయగల పనులేవో, మనిషి నిర్ణయించవలసినవేవో చెప్పగలుగుతారు.

14.1 పరిచయం

గత భాగంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పనిచేసే తీరు తెలుసుకున్నారు. ఎంత ఖరీదైన సూక్ష్మదర్శిని అయినా తన ముందు పెట్టిన తలాన్నే చూపిస్తుంది. ఆ తలం లోహం అసలు స్వరూపమా, మనం రుద్ది రుద్ది తయారు చేసిన స్వరూపమా అన్నది దానికి తెలియదు. ఆ తేడా తెలియవలసింది మనకే.

ఇంగ్లండులోని షెఫీల్డ్‌కు చెందిన హెన్రీ క్లిఫ్టన్ సార్బీ 1863 ప్రాంతంలో ఉక్కు ముక్కలను జాగ్రత్తగా నునుపు చేసి, ఆమ్లంతో తేలికగా తినిపించి, పరావర్తన కాంతిలో చూశాడు. లోహ సూక్ష్మనిర్మాణ అధ్యయనానికి అదే నాంది. అప్పటి నుంచి కోత, అమరిక, అరగదీత, పాలిషింగ్ అనే వరుస పెద్దగా మారలేదు. మారినదల్లా ఆ పనులు చేసే చేయి. నేడు చాలా ప్రయోగశాలల్లో ఆ చేయి యంత్రానిది.

స్వయంచాలనం వల్ల పని త్వరగా అవుతుందని అందరూ అంటారు. అది నిజమే కాని, అసలు ప్రయోజనం వేరు. అదే నమూనాను ఇద్దరు వ్యక్తులు, రెండు వేర్వేరు రోజుల్లో తయారు చేసినా ఒకే తలం రావాలి. దీనినే పునరుత్పాదకత అంటారు. అది లేకపోతే రెండు ఉక్కుల మధ్య కనిపించిన తేడా ఉక్కులదో, చేతులదో తేల్చలేము.

14.2 కృతక లక్షణాలు

లోహంలో సహజంగా లేకుండా, తయారీ వల్ల మాత్రమే కనిపించే లక్షణాన్ని కృతక లక్షణం అంటారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో జార్జ్ బీల్బీ పాలిష్ చేసిన లోహం పైపొర ద్రవంలా పారి, స్ఫటిక నిర్మాణం కోల్పోతుందని ప్రతిపాదించాడు. ఆ పొర చాలాకాలం 'బీల్బీ పొర' పేరుతో పాఠ్యగ్రంథాల్లో నిలిచింది. తరువాత ఆస్ట్రేలియా శాస్త్రవేత్త లెనర్డ్ శామ్యూల్స్ చేసిన పరిశోధనల వల్ల లోహాల పాలిషింగ్‌లో అపఘర్షక కణాలు ప్రధానంగా లోహాన్ని సన్నగా చెక్కుతాయనీ, వాటి కింద మిగిలేది తీవ్రంగా విరూపణ చెందిన స్ఫటిక పొర అనీ స్పష్టమైంది.

ఈ విరూపణ పొర ఎందుకంత ముఖ్యం? ఎలక్ట్రాన్ పశ్చపరిక్షేపణ వివర్తనం పద్ధతిలో సంకేతం తలం నుంచి కొన్ని పదుల నానోమీటర్ల లోతు నుంచే వస్తుంది. విరూపణ పొర అంతకంటే మందంగా ఉంటే, మనం కొలిచేది ఆ పొరనే. కొన్ని ఉదాహరణలు చూడండి:

అ) బేరింగు ఉక్కులో కొంత ఆస్టెనైట్ మిగిలి ఉంటుంది. గట్టిగా అరగదీస్తే పైపొరలోని ఆస్టెనైట్ మార్టెన్‌సైట్‌గా మారిపోవచ్చు. అప్పుడు ఆస్టెనైట్ శాతం ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. వాడకంలో ఆ బేరింగు కొలతలు ఎంత స్థిరంగా ఉంటాయో అంచనా వేయడానికి ఆ శాతమే ఆధారం.

ఆ) శుద్ధ టైటానియం వంటి లోహాల్లో అరగదీత ఒత్తిడికే కవల స్ఫటికాలు ఏర్పడతాయి. అవి లోహ చరిత్రలో భాగమని పొరబడే ప్రమాదం ఉంది.

ఇ) పిచికారీ చేసిన లోహపు పూతల్లోని రంధ్రాలు మెత్తని లోహం పూసుకుపోయి మూసుకుపోవచ్చు, లేదా పెళుసు కణాలు ఊడిపోయి లేని రంధ్రాలు కనిపించవచ్చు. ఒకే పూతకు రెండు రంధ్రశాతాలు రావడానికి కారణం తరచుగా ఇదే.

ఈ) జిర్కోనియం మిశ్రలోహాలను విద్యుద్విశ్లేష్య పద్ధతిలో పలచన చేసినప్పుడు హైడ్రైడ్‌లు ఏర్పడగలవు. హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయం రియాక్టర్ల కోసం తయారు చేసే గొట్టాలు ఈ మిశ్రలోహాలవే. హైడ్రైడ్‌లు ఈ లోహాన్ని పెళుసుబారుస్తాయి. అందుచేత కనిపించిన హైడ్రైడ్ గొట్టంలోదా, మన ద్రావణం నుంచి వచ్చినదా అన్నది చిన్న ప్రశ్న కాదు.

14.3 యాంత్రిక పాలిషింగ్‌లో స్వయంచాలనం

మామూలు వరుస ఇది: శీతలీకరణ ద్రవం పోస్తూ కోయడం, రెసిన్‌లో అమర్చడం, సిలికాన్ కార్బైడ్ కాగితాలపై అరగదీయడం, 9, 3, 1 మైక్రోమీటర్ల వజ్రపు కణాలతో పాలిష్ చేయడం, చివర సుమారు 0.05 మైక్రోమీటర్ల కొల్లాయిడల్ సిలికాతో ముగించడం. ఎలక్ట్రాన్ పుంజం వల్ల ఆవేశం పేరుకోకుండా అమరికకు కార్బన్ లేదా రాగి పొడి కలిసిన వాహక రెసిన్ వాడతారు.

ప్రతి దశకూ ఒకే నియమం వర్తిస్తుంది: ముందు దశ మిగిల్చిన విరూపణను పూర్తిగా తొలగించాలి, తాను మిగిల్చేది అంతకంటే తక్కువగా ఉండాలి. గీతలు కనిపించకపోవడం చాలదు. గీతల కిందకు కూడా విరూపణ వ్యాపించి ఉంటుంది.

తొలగింపు రేటు ఒత్తిడికీ, సాపేక్ష వేగానికీ అనులోమానుపాతంలో ఉంటుందని గాజు పాలిషింగ్ విషయంలో 1927లో ప్రెస్టన్ చూపాడు. ఈ సంబంధం లోహాలకూ స్థూలంగా పనికివస్తుంది. యంత్రం అదుపు చేసేవి ఈ రాశులనే.

14.3.1 బలం: చేత్తో నొక్కినప్పుడు బలం క్షణక్షణం మారుతుంది, నమూనా ఒక పక్కకు ఒరుగుతుంది. యంత్రంలో రెండు పద్ధతులున్నాయి. కేంద్రీయ బల పద్ధతిలో కొన్ని నమూనాలను ఒకే పళ్లెంలో బిగించి మొత్తం మీద బలం ప్రయోగిస్తారు. తలం చదునుగా వస్తుంది. అయితే నమూనాలు సౌష్ఠవంగా అమరాలి. ప్రత్యేక బల పద్ధతిలో ఒక్కొక్క నమూనాను ఒక్కొక్క ముషలకం నొక్కుతుంది. నమూనాను మధ్యలో తీసి చూడవచ్చు.

ఉదాహరణ 1: 30 మిల్లీమీటర్ల వ్యాసం గల అమరికకు 25 న్యూటన్ల బలం సరిపోతుంది. 40 మిల్లీమీటర్ల అమరికకు అదే ఒత్తిడి కావాలంటే ఎంత బలం పెట్టాలి?
సాధన: వైశాల్యం వ్యాసపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. నిష్పత్తి 1600 / 900 = 1.78. కావలసిన బలం 25 × 1.78 = సుమారు 44 న్యూటన్లు.

14.3.2 వేగం: తిరిగే పళ్లెం మీద అంచు దగ్గర వేగం ఎక్కువ, మధ్యలో తక్కువ. అప్పుడు నమూనా ఒకవైపు ఎక్కువగా అరగాలి కదా? దీనికి చక్కని పరిష్కారం ఉంది. పళ్లెం, నమూనాలను పట్టుకున్న తల, రెండూ ఒకే దిశలో, ఒకే కోణీయ వేగంతో తిరిగితే నమూనా మీది ప్రతి బిందువుకూ సాపేక్ష వేగం ఒకటే అవుతుంది. దాని విలువ కోణీయ వేగం, రెండు కేంద్రాల మధ్య దూరం, ఈ రెండింటి లబ్ధం. నిమిషానికి 150 చుట్లు, కేంద్రాల మధ్య 70 మిల్లీమీటర్లు అయితే అది సెకనుకు సుమారు 1.1 మీటర్లు. మనిషి చేయి ఈ పని చేయలేదు.

14.3.3 ద్రవం, కాలం: వజ్రపు ద్రావణాన్నీ, కందెననూ చిన్న పంపులు నిర్ణీత వ్యవధిలో చుక్కలుగా వదులుతాయి. కందెన తక్కువైతే తలం వేడెక్కి లోహం పూసుకుపోతుంది. మరీ ఎక్కువైతే కణాలు లోహాన్ని చెక్కకుండా జారిపోతాయి.

14.3.4 తొలగింపును కొలవడం: యంత్రం మీద కాలం పెట్టడం సులభం. కాని అవసరమైనది కాలం కాదు, తొలగిన మందం. వికర్స్ కాఠిన్య ముద్ర దీనికి చక్కని కొలబద్ద. ముద్ర లోతు దాని కర్ణంలో ఏడో వంతు ఉంటుంది.

ఉదాహరణ 2: ముందు దశ మిగిల్చిన విరూపణ 20 మైక్రోమీటర్ల లోతు ఉందనుకుందాం. పరిశీలించబోయే చోటుకు దూరంగా ఒక ముద్ర వేశారు. కర్ణం 140 మైక్రోమీటర్లు. 9 మైక్రోమీటర్ల వజ్రంతో 3 నిమిషాలు పాలిష్ చేశాక కర్ణం 84 మైక్రోమీటర్లు. ఈ దశ పూర్తయిందా?
సాధన: మొదటి లోతు 140 / 7 = 20; తరువాతి లోతు 84 / 7 = 12. తొలగినది 8 మైక్రోమీటర్లు. ఇంకా 12 మైక్రోమీటర్ల విరూపణ మిగిలే ఉంది. ఇదే రేటున మొత్తం తొలగడానికి 7.5 నిమిషాలు కావాలి. తలం అద్దంలా మెరుస్తున్నా ఈ దశ పూర్తి కాలేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1. పునరుత్పాదకత అంటే ఏమిటి?
2. ముద్ర కర్ణం 105 మైక్రోమీటర్ల నుంచి 70కి తగ్గింది. తొలగిన మందం ఎంత?

14.4 జంట జెట్ విద్యుత్ పాలిషింగ్

ప్రసార ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఎలక్ట్రాన్లు నమూనా గుండా దూసుకుపోవాలి. అందుకు లోహం సుమారు 100 నానోమీటర్ల మందానికి పలచబడాలి. 1949లో హైడెన్‌రైక్ అల్యూమినియం పలుచని పొరలను ఇలా పరిశీలించాడు. 1956లో కేంబ్రిడ్జిలో హిర్ష్, హార్న్, వేలన్ అల్యూమినియంలోనూ, జెనీవాలో బోల్‌మన్ తుప్పుపట్టని ఉక్కులోనూ డిస్లొకేషన్లను స్వయంగా చూపారు. అంతకుముందు సిద్ధాంతంలోనూ, పరోక్ష ఆధారాల్లోనూ ఉన్న డిస్లొకేషన్లను పలుచని పొర కంటికి చూపించింది.

జంట జెట్ పరికరంలో 3 మిల్లీమీటర్ల వ్యాసం, సుమారు 0.1 మిల్లీమీటర్ మందం ఉన్న బిళ్లను ధనాగ్రంగా కలుపుతారు. రెండు వైపుల నుంచీ చల్లని విద్యుద్విశ్లేష్య ద్రావణం సన్నని ధారగా తగులుతుంది. వోల్టేజి తక్కువైతే లోహం గరుకుగా తినబడుతుంది. ఎక్కువైతే వాయు బుడగలు గుంటలు చేస్తాయి. మధ్యనున్న సమతల ప్రాంతంలోనే పాలిషింగ్ జరుగుతుంది.

ఇక్కడ స్వయంచాలనం ప్రాణం ఒక కాంతి గ్రాహకంలో ఉంది. బిళ్లకు ఒకవైపు కాంతి, రెండోవైపు గ్రాహకం. బిళ్లకు సూదిమొన అంత రంధ్రం పడగానే కాంతి దాటుతుంది, విద్యుత్తు ఆగిపోతుంది. మనకు పనికివచ్చేది ఆ రంధ్రం కాదు, దాని చుట్టూ ఉన్న పలుచని అంచు. ఆపడం కొద్దిగా ఆలస్యమైనా ఆ అంచు కరిగిపోతుంది. విద్యుత్తు ఆగాక కూడా ద్రావణం బిళ్లను తినగలదు కనుక వెంటనే తీసి కడగాలి.

హెచ్చరిక: పెర్‌క్లోరిక్ ఆమ్లం సేంద్రియ పదార్థాలతో కలిసినప్పుడు చాలా ప్రమాదకరం. 1947 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక లోహపు పూత కర్మాగారంలో పెర్‌క్లోరిక్ ఆమ్లం, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ కలిసిన విద్యుత్ పాలిషింగ్ ద్రావణం పేలి 17 మంది మరణించారు. యంత్రం ఉష్ణోగ్రతను చూస్తుంది. ద్రావణం ఎవరు, ఎలా కలిపారో చూడదు. ద్రావణాన్ని చల్లగా ఉంచాలి, ఎండిపోనివ్వరాదు, పొగగది బయట కలపరాదు. అల్యూమినియానికి వాడే నైట్రిక్ ఆమ్లం–మెథనాల్ మిశ్రమంలో మెథనాల్‌కు బదులు ఇథనాల్ పోయరాదు.

14.5 కేంద్రీకృత అయాన్ పుంజం

జెట్ పద్ధతిలో రంధ్రం ఎక్కడ పడుతుందో మన చేతిలో ఉండదు. ఒక ఫలానా పగులు కొననో, ఒక రేణు సరిహద్దునో చూడాలంటే అయాన్ పుంజం కావాలి. సాధారణంగా 30 కిలోవోల్టుల గాలియం అయాన్లు ఉలిలా లోహాన్ని చెక్కుతాయి. ముందుగా రక్షణకు ప్లాటినం లేదా కార్బన్ పొర వేస్తారు. ఇరుపక్కలా గుంటలు తవ్వి, మధ్య మిగిలిన పలక అడుగు భాగాన్ని కోసి, సన్నని సూదితో ఎత్తి, జాలీకి అతికి, ఇంకా పలచన చేస్తారు.

ఈ వరుసను నేడు సాఫ్ట్‌వేర్ నడపగలదు. నమూనా మీద చెక్కిన గురుతును ప్రతి దశలోనూ చిత్రంలో గుర్తుపట్టి, పుంజం పక్కకు జరిగితే సరిదిద్దుకుంటుంది. ఒకసారి చోట్లు గుర్తించి పెడితే రాత్రంతా పలకలు చెక్కుతూనే ఉంటుంది.

అయితే అయాన్లు కూడా పైపొరను చెడగొడతాయి. అందుకే చివర 5, ఆపై 2 కిలోవోల్టులకు తగ్గించి మెరుగుపెట్టాలి. గాలియం అల్యూమినియం రేణు సరిహద్దుల్లోకి చొరబడుతుంది. అటువంటి చోట జినాన్ ప్లాస్మా పుంజం మేలు. మరో పరిమితి పరిమాణం. పలక 10 మైక్రోమీటర్ల పొడవు, లోహంలో రేణువు 20 మైక్రోమీటర్లు అయితే ఒక రేణువైనా పూర్తిగా అందులో పట్టదు. అటువంటి ఒక్క పలకను చూసి మొత్తం లోహం గురించి తీర్పు చెప్పకూడదు.

14.6 యంత్రానికి వదలరానివి

యంత్రం తనకిచ్చిన విధానాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది. ఆ విధానమే తప్పయితే తప్పును కూడా అంతే నమ్మకంగా వందసార్లు చేస్తుంది. చేతి పనిలో తప్పులు చెదురుమదురుగా ఉంటాయి కనుక ఫలితాల్లోని తేడాలు మనల్ని అనుమానింపజేస్తాయి. యంత్రపు తప్పు ప్రతిసారీ ఒకేలా వస్తుంది కనుక సత్యంలా కనిపిస్తుంది. ఇది గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం.

కాబట్టి ఈ నిర్ణయాలు మనిషివే: నమూనాను ఏ చోటు నుంచి, ఏ దిశలో కోయాలి, ఆ లోహానికి ఏ విధానం తగినది, దశల మధ్య శుభ్రత సరిపోయిందా, అరిగిన గుడ్డను ఎప్పుడు మార్చాలి. ఒక్క 9 మైక్రోమీటర్ల కణం 1 మైక్రోమీటర్ గుడ్డ మీదికి చేరితే అంతవరకు చేసిన పని వృథా. అన్నిటికీ మించి, ఒక లక్షణాన్ని నమ్మేముందు మరో పద్ధతిలో తయారు చేసిన నమూనాలో కూడా అది ఉందో లేదో చూడాలి. రెండు భిన్నమైన పద్ధతుల్లోనూ కనిపిస్తే అది లోహానిదని నమ్మడానికి బలం చేకూరుతుంది. ఒకదానిలోనే కనిపిస్తే ముందుగా తయారీనే అనుమానించాలి.

14.7 సారాంశం

నమూనా తయారీలో స్వయంచాలనపు ప్రధాన లక్ష్యం పునరుత్పాదకత. పాలిషింగ్ యంత్రం బలం, వేగం, ద్రవం, కాలాలను స్థిరపరుస్తుంది. తొలగిన మందాన్ని మనం కొలిచి సరిచూడాలి. జంట జెట్ పరికరం కాంతి గ్రాహకంతో సరైన క్షణంలో ఆగుతుంది. అయాన్ పుంజం కోరిన చోటు నుంచి పలకను తీసి ఇస్తుంది, కాని దానికి తనవైన కృతక లక్షణాలున్నాయి. విధానాన్ని ఎంచుకోవడం, ఫలితాన్ని అనుమానించి పరీక్షించడం మన బాధ్యత.

14.8 సమీక్ష ప్రశ్నల జవాబులు

1. ఎవరు, ఎప్పుడు తయారు చేసినా ఒకే రకమైన తలం రావడం. 2. 15 – 10 = 5 మైక్రోమీటర్లు.

14.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. యాంత్రిక పాలిషింగ్‌లో యంత్రం అదుపు చేసే రాశులను ఉదాహరణలతో వివరించండి.
2. జంట జెట్, అయాన్ పుంజ పద్ధతులను పోల్చండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అరగదీత వల్ల ఆస్టెనైట్ శాతం ఎందుకు తప్పుగా రావచ్చు?
2. యంత్రపు తప్పును గుర్తించడం చేతి తప్పును గుర్తించడం కంటే ఎందుకు కష్టం?