తలదెబ్బ మానినా నొప్పి మానలేదా?



మన ఊత్తంగరై మీదుగా కృష్ణగిరి, తిరువణ్ణామలై వైపు రాత్రింబవళ్లు వాహనాలు తిరుగుతూనే ఉంటాయి. బైకు మీది నుంచి పడి తలకు దెబ్బ తగిలినవారు మన మొహల్లాల్లోనూ ఉన్నారు. గాయం మానుతుంది, కుట్లు విప్పుతారు, స్కానింగ్ బాగానే ఉందంటారు. కానీ నెలలు గడిచినా కొందరికి తలనొప్పి పోదు. మరికొందరికి ఒక పక్క చెయ్యి, కాలు మండుతాయి, సూదులు గుచ్చినట్లుంటుంది, చన్నీళ్లు తగిలినా ఓర్చుకోలేరు. ఇంట్లోవారు "పనికి పోవడానికి బద్ధకం" అంటారు. దయచేసి ఆ మాట అనకండి. ఆ నొప్పి నిజమైనదే.

నొప్పి ఎక్కడిది?

శరీరం నుంచి వచ్చే స్పర్శ, నొప్పి వార్తలను మెదడులో థాలమస్ అనే భాగం అందుకుంటుంది. అక్కడ దెబ్బ తగిలితే చేతికి గాయం లేకున్నా చెయ్యి మండుతుందని 1906లోనే ఫ్రాన్సు వైద్యులు డెజెరిన్, రూసీ పక్షవాత రోగులను పరీక్షించి వివరించారు. తలదెబ్బ తర్వాత కూడా ఇలాంటి నొప్పి రావచ్చు. నరాల సూక్ష్మమైన దెబ్బలు మామూలు స్కానింగులో కనిపించకపోవచ్చు.

అయస్కాంత చికిత్స

ఇలాంటి నొప్పికి మాత్రలు చాలనప్పుడు ఇప్పుడు ప్రయత్నిస్తున్న పద్ధతి టీ.ఎం.ఎస్. తల దగ్గర ఒక తీగచుట్టను ఉంచి, అందులో క్షణకాలం కరెంటు పంపుతారు. దాని అయస్కాంత శక్తి పుర్రెను దాటి మెదడు పైపొరలో స్వల్ప విద్యుత్తును పుట్టిస్తుంది. ఈ సూత్రాన్ని 1831లో ఫారడే కనుగొన్నారు. 1985లో ఇంగ్లాండులోని షెఫీల్డులో బార్కర్ బృందం మనిషి మెదడుపై దీనిని ప్రయోగించి చూపింది. కోత లేదు, మత్తు లేదు. టకటక శబ్దం వస్తుంది కనుక చెవుల్లో బిరడాలు పెడతారు.

నొప్పికి సాధారణంగా చేతులు కాళ్లు కదిలించే మెదడు భాగాన్ని ప్రేరేపిస్తారు. ఆ భాగానికి థాలమస్‌తో సంబంధం ఉన్నందువల్ల నొప్పి తీవ్రత తగ్గుతుందని భావిస్తున్నారు.

విద్యుత్తుతో నొప్పిని తగ్గించాలన్న ఆలోచన పాతదే. మన యునానీ గురువుల్లో ఒకరైన జాలీనూస్ తలనొప్పికి కరెంటు కొట్టే బతికున్న చేపను ప్రయోగించి చూశారు.

మేలు ఎంత?

నరాల దెబ్బ వల్ల వచ్చే నొప్పికి ఈ పద్ధతి పనిచేస్తుందని 2014లో యూరప్ నిపుణులు తేల్చారు. అయితే అందరికీ గుణం కనిపించదు. కనిపించినా తరచుగా కొన్ని వారాలే ఉంటుంది. పైగా తలదెబ్బ రోగులపైనే జరిగిన పరీక్షలు కొద్ది, చిన్నవి. కాబట్టి "పూర్తిగా నయం చేస్తాం" అని డబ్బు అడిగేవారిని నమ్మి నగలు అమ్ముకోకండి.

బజారులో దొరికే అయస్కాంతపు టోపీలు, కడియాలు, పట్టీలు ఇవి కావు. కదలని అయస్కాంతం మెదడులో విద్యుత్తును పుట్టించలేదు.

ముందు చూసుకోవలసినవి

• మూర్ఛ వచ్చి ఉంటే తప్పక చెప్పండి. ఈ చికిత్సలో అరుదుగా మూర్ఛ రావచ్చు.
• తలలో క్లిప్పు, ప్లేటు, చెవిలో అమర్చిన యంత్రం, గుండెకు పేస్‌మేకర్ ఉంటే చెప్పండి. ఆపరేషన్ కాగితాలు వెంట తీసుకెళ్లండి.
• నొప్పి మాత్రలు నెలలో 10, 15 రోజులకు మించి వాడితే, ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి.
• నొప్పి పెరుగుతూ వాంతులు, మగత, చూపు మందగించడం ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.

ముందుగా నరాల వైద్యునికి చూపించండి. బెంగళూరు నిమ్హాన్స్‌లో టీ.ఎం.ఎస్. ఉంది. రోగికి తగునో లేదో అక్కడి వైద్యులు చెబుతారు.

యునానీ ఏం చేస్తుంది?

బిగిసిన మెడకు, భుజాలకు రోగన్ బాబూనా గోరువెచ్చగా మర్దన చేస్తే హాయిగా ఉంటుంది. నిద్ర, తేలికపాటి ఆహారం, వేళకు విశ్రాంతి అవసరం. కానీ మెదడులో పుట్టిన నొప్పిని నూనె తీయలేదు. పుర్రె ఎముక తీసిన చోట మర్దన గాని, హిజామా గాని చేయించవద్దు.

ఇబ్నె సీనా తన అల్ ఖానూన్‌లో నొప్పిని 15 రకాలుగా విభజించారు: గుచ్చేది, కొట్టుకునేది, బరువుగా ఉండేది, తిమ్మిరి పట్టేది మొదలైనవి. అంటే రోగి చెప్పే మాటను వైద్యుడు శ్రద్ధగా వినాలి. ఇంటివారు కూడా వినాలి. నమ్మి వినడం ఖర్చు లేని మందు.

అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక! ఆమీన్.