పెండ్లిపద్దు ఇల్లాలి చేతిలో నుండవలెను

వివాహము గృహమునకు మంగళప్రదమైన కార్యము. అట్టి కార్యము ముగిసిన మరునాడే, పందిరి విప్పుచుండగా, ఇంటి యజమాని తీర్పవలసిన బాకీల లెక్క చూచికొనుట మన విజయనగరము, శ్రీకాకుళము సీమలలో తరచుగా కానవచ్చు విషయము. కొందరు పెద్దలనాటి మెరక పొలమును తెగనమ్ముచున్నారు. కొందరు కూలికై హైదరాబాదునకును, చెన్నపట్టణమునకును, చేపలవేటకై గుజరాతులోని వెరావలునకును పోయి, యేండ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును మూడు దినములలో వెచ్చించుచున్నారు. పెండ్లి ఘనముగా చేయవలదని గాని, బంధువులను పిలువవలదని గాని మేము చెప్పబోము. సోదరీమణులకు మేము విన్నవించునది యొక్కటియే: పెండ్లిపద్దు సంబంధము నిశ్చయమగుటకు ముందే వ్రాయబడవలెను, అది ఇల్లాలి చేతిలో నుండవలెను.

పెండ్లి లెక్కలకు మన సీమలో నొక చరిత్ర కలదు. పందొమ్మిదవ శతాబ్దపు చివర విజయనగర సంస్థానాధిపతులైన ఆనందగజపతి మహారాజుగారు, విశాఖపట్టణము జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన కన్యాశుల్క వివాహములకు నొక పట్టిక తయారు చేయించిరి. నేటి విజయనగరము ఆనాడు ఆ జిల్లాలోనిదే. శ్రీ గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడి 1897లో అచ్చయ్యెను. దాని యింగ్లీషు పీఠికలో గ్రంథకర్త ఆ పట్టిక నుదాహరించిరి. అట్టి వివాహములు 1,034. ఆ పెండ్లికూతుండ్రలో ఐదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది శిశువులు ముగ్గురు! ఆ శిశువుల వెల తలకు 350 మొదలు 400 రూపాయల వరకు నుండెను.

కన్యకు వెలకట్టిన ఈ సీమలోనే పిమ్మట వరునికి వెలకట్టుట మొదలయ్యెను. ఆనాడు సొమ్ము కన్య తండ్రికి ముట్టెను. తరువాత నాతనినుండి పోవుచున్నది. దారి మారినను ఒక్క సంగతి మారలేదు. బేరము వీధియరుగు మీద జరుగును. ఎంత ఒప్పుకొనిరో, ఎక్కడ తెచ్చిరో లోపలనున్న స్త్రీలకు ఆలస్యముగా తెలియును. అయినను ఆ యప్పు తీరువరకు కూరలో నూనె తగ్గించునదియు, చిన్నపిల్లల చదువును గూర్చి కలతపడునదియు ఇల్లాలే. కావున లెక్కకు కూర్చుండు హక్కు ఆమెకు మొదటనే కలదు.

పద్దు ఎట్లు మొదలు పెట్టవలెను? పొరుగువారి పెండ్లికెంత ఖర్చయినదో విచారించి మొదలు పెట్టరాదు. పెండ్లి తరువాత ఇంటిలో నేమి మిగిలియుండవలెనో ముందుగా వ్రాయవలెను. ఆరు నెలల తిండి, పిల్లల బడి ఖర్చు, వృద్ధుల మందులు, రాబోవు పంటకు పెట్టుబడి - వీనిని తీసివేసిన పిమ్మట చేతనున్న సొమ్మే పెండ్లి సొమ్ము. రాబోవు ఆదాయము నందు చేర్పరాదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చెను. ఫలసాయముమీద ముహూర్తము పెట్టుకొన్నవారికి ఒక్క రాత్రిలో ఆధారము పోవుట యన నట్టిది. మరల నాటిన కొబ్బరి కాపునకు వచ్చుటకు ఐదారేండ్లు పట్టును. చెట్టుమీది కాయ పద్దులోనికి రాదు. అమ్మగా వచ్చిన రూపాయ మాత్రమే వచ్చును.

చదివింపులును అట్టివే. ‘చదివింపులతో వంటఖర్చు వెళ్ళిపోవును’ అని ధైర్యము చెప్పు పెద్దలు కలరు. చదివింపుల పుస్తకములో పేరు, ఊరు, మొత్తము వ్రాయించుట ఎందులకు? వారి యింట శుభకార్యమైనప్పుడు మనము మరల చదివించుటకే కదా. అది తిరిగి యీయవలసిన చేబదులు వంటిది. దానిని ఆదాయమని యెంచువారు ఒకే రూపాయను రెండుమారులు ఖర్చు చేసినవారగుదురు.

అప్పు సంగతి చూతము. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు తెచ్చినచో నెలకు 2,000, ఏటికి 24,000 రూపాయలు వడ్డీకే పోవును. నాలుగేండ్ల రెండు నెలలకు వడ్డీయే లక్షయగును, అసలు అట్లేయుండును. పొదుపు సంఘమునందు వడ్డీ తక్కువయే. కాని పాడిపశువునకో కుట్టుమిషనుకో తీసికొన్న సంఘపు అప్పును పెండ్లికి మళ్ళించినచో, దానిని తీర్పవలసిన ఆదాయమే పుట్టకపోవును. ఆ భారము తోడి సభ్యురాండ్రపై పడును.

ఇక పంపకము. ఉదాహరణమునకు ఒక గృహస్థు అప్పులేక 4,00,000 రూపాయలు వెచ్చింపగలడనుకొందము. బంగారమునకు వేరు పుట పెట్టవలెను. దాని ధర దినదినము మారుచుండును గనుక నిందులో చేర్చలేదు. ఈ మొత్తములో పదియవవంతు, అనగా 40,000, అనుకొనని ఖర్చులకై మొదటనే కట్టి దాచవలెను. మిగిలిన 3,60,000లో భోజనములకు 1,80,000; బట్టలకు, పెట్టుపోతలకు 80,000; మండపము, పందిరి, దీపములకు 50,000; పురోహితుడు, సన్నాయిమేళము, ఛాయాచిత్రములకు 30,000; శుభలేఖలు, ప్రయాణములకు 20,000. ఈ అంకెలు ఎవరి శక్తికొలది వారు మార్చుకొనవచ్చును. మొత్తమును మాత్రము మార్చుకొనరాదు.

వీనిలో భోజనముల పద్దు అన్నిటికంటె పెద్దది. అదుపు తప్పుటకును అదియే మొదటిది. ఉదయపు ఫలహారము, భోజనము కలిసి మనిషికి 300 రూపాయలు పడుననుకొన్నచో 1,80,000 రూపాయలు 600 మందికి సరిపోవును. పిలుపులు పెరిగి 900 మంది వచ్చిరా, మరి 90,000 కావలెను. దాచిన 40,000 పోగా నింకను 50,000 అప్పు. కావున విస్తళ్ళ సంఖ్యను సొమ్మునుబట్టి నిర్ణయించి, పిమ్మట పిలుపుల పట్టిక వ్రాయవలెను. ఇంటికి ఒక శుభలేఖ అని లెక్కింపక, ఆ యింటినుండి ఎందరు రాగలరో తలల లెక్క వేయవలెను. వంటకములు ఇరువదియైదు చేసి సగము విస్తరిలో విడిచిపెట్టించుటకంటె, పది చేసి రెండవమారు ప్రేమతో వడ్డించుట మర్యాద. మిగిలిన అన్నము ఎవరికి పంపవలెనో ముందుగానే యేర్పాటు చేయవలెను.

పద్దు చెడుటకు మరియొక కారణము వ్రాయని పద్దులు. విడిది మర్యాదలు, ఆడపడుచు లాంఛనము, అత్తగారి చీర, సారెతో పంపు అరిసెలు, చలిమిడి, బిందెలు - ఇవి ఒక్కొక్కటి చిన్నవిగనే తోచును, కూడినచో కొండంతలగును. మాటలు జరుగునాడే వీనిని వియ్యాలవారితో స్పష్టముగా ముచ్చటించి కాగితముమీద పెట్టుట ఉభయులకు క్షేమము. అడిగి పుచ్చుకొను కట్నమునకు లాంఛనమని పేరు పెట్టినంతమాత్రమున అది ధర్మము కాదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము ననుసరించి కట్నమిచ్చుటయు పుచ్చుకొనుటయు రెండును నేరములే. ఐదేండ్లకు తక్కువ కాని కారాగార శిక్ష విధింపవచ్చును. అడుగకయే ఆచారముగా నిచ్చు కానుకలను చట్టము కాదనదు; అవి ఇచ్చువారి స్థితికి మించియుండరాదు. 1985 నాటి నియమముల ప్రకారము వధువునకు వచ్చిన కానుకల పట్టికను వధువును, వరునికి వచ్చినవాని పట్టికను వరుడును ఉంచుకొనవలెను. వస్తువు వివరము, సుమారు వెల, ఇచ్చినవారి పేరు, బంధుత్వము వ్రాసి వధూవరు లిరువురును సంతకము చేయవలెను. మన యిండ్లలో చదివింపుల పుస్తకము వ్రాయుటకు చూపు శ్రద్ధలో సగము ఈ పట్టికకు చూపినను, రేపు కలహము వచ్చినచో ఆడపిల్ల సొత్తునకు అది యాధారమగును.

ఖర్చు తగ్గించుకొను మార్గములు మన సీమలోనే కలవు. ఆషాఢమున ముహూర్తములు లేనందున బట్టల యంగళ్ళవారు ధర తగ్గింతురు. శ్రావణపు పెండ్లికి చీరలు అప్పుడే కొనవచ్చును. పొందూరు సన్న ఖద్దరు పంచె కావలెనన్నచో నెలల ముందుగా చెప్పియుంచవలెను. వాలుగచేప దవడతో దూది నేకి, చేత వడకి, మగ్గముపై నేయు బట్ట తొందరపెట్టిన దొరకదు. జీడిపప్పు పలాసలోను, కొబ్బరికాయలు ఉద్దానములోను, సారె బిందెలు బుడితి కంచరివారియొద్దను తయారైనచోటనే కొన్నచో మధ్యవర్తుల లాభము మిగులును.

ముహూర్తము పెట్టుకొనునప్పుడు పంచాంగముతోపాటు ఊరి సందడియు చూడవలెను. విజయదశమి తరువాతి మంగళవారమున విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము; మాఘమున రథసప్తమికి అరసవిల్లి యాత్ర. ఆ దినముల చేరువను ఆ పట్టణములలో బసలును వాహనములును దొరకుట కష్టము. దొరకినను వెల హెచ్చు. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలము. 2014 అక్టోబరు 12వ తేదీ నాటి హుద్‌హుద్ గాలికి విశాఖపట్టణముతోపాటు మన జిల్లాలును నష్టపోయినవి. ఆ కాలపు పెండ్లికి బయలు పందిరికంటె కప్పుగల మండపము మేలు. బయానా ఇచ్చునప్పుడు, వాననుబట్టి తేదీ మార్చవలసివచ్చినచో ఆ సొమ్ము ఏమగునో రసీదుమీద వ్రాయించుకొనవలెను.

పుస్తకము సంగతి సులభము. ఒక నూరు పుటల నోటుపుస్తకము చాలును. ప్రతి పద్దునకు మూడు గడులు గీయవలెను: అంచనా, ఇచ్చిన బయానా, తుది ఖర్చు. డబ్బు సంచి ఒక్కరియొద్దనే యుండవలెను. బావగారొకచోట, మేనమామ యొకచోట చేతినుండి పెట్టి పిదప చెప్పుట వలన లెక్క తెలియదు. మనస్పర్ధలు మాత్రము మిగులును. ప్రతి రాత్రి ఆనాటి ఖర్చు వ్రాసి, అంచనా దాటిన పద్దును ఎఱ్ఱసిరాతో గుర్తింపవలెను. ఒక పద్దు పెరిగినచో మరియొక పద్దు తగ్గవలెను. ఇదియే పద్దునకు ప్రాణము. చదువురాని తల్లి యైనచో కుమార్తెచేత వ్రాయించి చదివించుకొనవలెను. తన పెండ్లికి ఎంత యగుచున్నదో తెలిసికొన్న కన్య వెలగల చీరను తానే వద్దనుట కలదు; తెలియనిచో నామె నిందింపదగినది కాదు.

‘నలుగురు ఏమనుకొందురు?’ అను భయమే వీనికెల్ల అడ్డు. 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు మే నెలలో పెండ్లికి ఏబదిమందికి మించరాదని ప్రభుత్వము కట్టడి చేసెను. ఆనాడు ఏబదిమంది యెదుట మంగళసూత్రము కట్టించుకొన్న వధువులు నేడు తల్లులై కాపురములు చేసికొనుచున్నారు. పెండ్లికి వచ్చినవారు తక్కువయని వారి దాంపత్యమునకు లోపము రాలేదు. 2024లో మన సుప్రీం కోర్టువారును ఒక తీర్పునందు, హిందూ వివాహము ఆటపాటలకు, విందులకు, కట్నకానుకల బేరమునకు నేర్పడిన సందర్భము కాదనియు, సప్తపది మున్నగు విధులతో కూడిన గంభీరమైన సంస్కార మనియు చెప్పిరి. ఆ యేడడుగులకు పద్దులో ఖర్చు లేదు.

కావున ఈ మాఘమునకో వైశాఖమునకో పిల్ల పెండ్లి తలపెట్టిన సోదరీమణులు నేడే పుస్తకము కొని, మొదటి పుటలో పెండ్లి సొమ్ము మొత్తమును, చివరి పుటలో పెండ్లి తరువాత ఇంట మిగులవలసిన మొత్తమును వ్రాసికొని, భర్తగారితో కూర్చుండి మాటలాడ వలెనని మా కోరిక. పెండ్లియైన పదియవ దినమున ఆ రెండు పుటలను సరిచూచి, చివరి పుటలోని అంకె చెక్కుచెదరక యున్నచో ఆ పెండ్లి ఘనముగా జరిగినట్లే.