రోహిణీ కార్తెలో కట్టంగూరు

వేసవి సెలవులకు ఊటీ వెళ్తున్నామని పక్కింటివారు చెప్పినప్పుడు మేమూ ఊరుకోలేదు. "మేము కట్టంగూరు వెళ్తున్నాం" అన్నాము. వారు మావంక జాలిగా చూశారు. చూడరు మరి! ఎండకు తట్టుకోలేక జనం కొండలెక్కుతుంటే, హైదరాబాదు వదిలి ఇంకా వేడిగా ఉండే నల్లగొండ జిల్లాకు పిల్లాజెల్లాతో ప్రయాణం కట్టేవారిని ఏమనుకోవాలి?

బెజవాడ రహదారిమీద నార్కట్‌పల్లి దాటి నకిరేకల్ చేరకముందు వస్తుంది కట్టంగూరు. అక్కడ మా పెద్దమ్మ ఉంది. రోళ్ళు పగిలే రోహిణీ కార్తెలను ఆమె డెబ్భైదాకా చూసింది. ఒక్కదానికీ ఊరు వదిలి పారిపోలేదు.

ఎండ అంటే ఎంత ఎండ? వాతావరణ శాఖవారి లెక్క ప్రకారం మైదాన ప్రాంతాలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరి, మామూలుకన్న నాలుగున్నర డిగ్రీలు హెచ్చితే అది వడగాలి. 45 చేరితే మామూలు ఎంత అని చూడనక్కరలేదు, వడగాలే. 47 అయితే తీవ్రమైన వడగాలి. 2015 మే నెలలో వీచిన వడగాలికి దేశంలో రెండువేలమందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవారే. కనుక ఎండను చూసి నవ్వడానికి లేదు. అయితే దానితో కాపురం చెయ్యడం తెలిసినవారు ఉన్నారు.

మేము బస్సు దిగేసరికి పదకొండు దాటింది. "ఏం బిడ్డా, గింత ఎండల పడొస్తిరి? లోపలికి రాండ్రి. ముందుగాల కాళ్ళు మొఖం కడుక్కోన్రి, చెమట ఆరినంక సల్ల తాగుదురు" అంది పెద్దమ్మ. ఉల్లిగడ్డ తరిగి, కరివేపాకు నలిపి, ఉప్పు వేసిన పల్చని సల్ల అది. పిల్లలు సీసాలలోని రంగు పానీయాలను ఆ పూటకు మరిచిపోయారు.

ఆమె ఇంట్లో ఫ్రిజ్ లేకపోలేదు. అందులో పెరుగూ పచ్చళ్ళూ ఉంటాయి. తాగే నీళ్ళు మాత్రం రంజన్‌లోనివే. అరుగుమీద ఇసుక పోసి, దానిమీద కుండ నిలిపి, చుట్టూ తడిగుడ్డ కట్టింది. కుండ సన్నని రంధ్రాలలోంచి నీరు చెమర్చి ఆవిరవుతుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిని లోపలి నీటినుంచి లాక్కుంటుంది. అంటే అరకిలో పైన నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి ఒక్క గ్రాము చెమ్మ చాలునన్నమాట! గాలి ఎంత పొడిగా ఉంటే కుండ అంత చల్లన. ఇక్కడి గాలి పొడిగాలి కాబట్టి కుండా, వట్టివేళ్ళ తడకా, కూలరూ అన్నీ పనిచేస్తాయి. కాకినాడలో ఉండే మా బావమరిది ఇక్కడి కూలరు చూసి ముచ్చటపడి ఒకటి కొన్నాడు. సముద్రపు గాలిలో అది వాళ్ళ హాలును ఆవిరి స్నానపు గదిగా మార్చింది.

నీళ్ళ దగ్గర మరొక మాట చెప్పాలి. పెద్దమ్మ దగ్గర రెండు కుండలున్నాయి. ఒకటి నల్లా నీళ్ళది, రెండోది బోరు నీళ్ళది. రెండోదాని దగ్గరకు మా చిన్నవాడు గ్లాసు తీసుకు వెళ్ళేసరికి ఆమె కేక పెట్టింది. ఈ జిల్లా నేలలో ఫ్లోరైడు ఉంది. దానివల్ల తరాలకు తరాలు పళ్ళు గారపట్టి, ఎముకలు వంగి బాధపడ్డాయి. ఎండకాలంలో మనిషి తాగే నీరు పెరుగుతుంది, దానితోపాటు లోపలికి పోయే ఫ్లోరైడూ పెరుగుతుంది. కాచితే అది పోదు, నీరు ఇగిరి మరింత చిక్కబడుతుంది. కుండా దాన్ని ఆపలేదు. పటిక, సున్నం కలిపి దానిని తొలగించే ఒక విధానానికి శాస్త్రజ్ఞులు 'నల్లగొండ పద్ధతి' అనే పేరే పెట్టారు. ఇంతకంటే చేదు కీర్తి ఏ ఊరికి ఉంటుంది? 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించిన తరువాత నదీజలాలను నల్లాలకు తెచ్చారు. పెద్దమ్మ అందుకే నల్లా కుండకు పసుపు బొట్టు పెట్టింది. బొట్టు లేని కుండ చేతులు కడుక్కోవడానికి.

మధ్యాహ్నం పన్నెండునుంచి నాలుగుదాకా గడప దాటరాదని శాసనం. పిల్లలకు ఉక్రోషం వచ్చిందిగాని, పెద్దమ్మ గచ్చుమీద సుద్దతో పచ్చీసు గళ్ళు గీసేసరికి చల్లారిపోయారు. చింతగింజలను బండమీద ఒకవైపు తెల్లబడేదాకా అరగదీయడమే సగం ఆట. తరువాత ఓమనగుంటలు, వైకుంఠపాళి. ఆవిడ అన్యాయంగా గెలుస్తుందని మా అమ్మాయి ఫిర్యాదు. నలభై ఏళ్ళ క్రితం నా ఫిర్యాదూ అదే.

నాలుగింటికి తాటిముంజలు వచ్చేవి. కాయకు మూడేసి కళ్ళు. బొటనవేలితో తోడుకుని తినాలిగాని చెంచా ముట్టుకోరాదు. నకిరేకల్ నిమ్మకాయలకు పెట్టింది పేరు. అయినా వేసవిలో చెట్టుకు కాపు తక్కువ, దేశమంతటికీ దాహం ఎక్కువ. అందుచేత నిమ్మతోటల నడుమ కూర్చుని కూడా కాయకు బేరమాడవలసి వచ్చింది.

మా చిన్నతనపు పెద్ద వినోదం బావి. వీపుకు బెండ్లు కట్టుకుని గట్టుమీదినుంచి దూకేవాళ్ళం. ఇప్పుడు మోటబావులు చాలావరకు ఎండిపోయాయి, బోర్లు వచ్చాయి. మిగిలిన బావులలో మెట్లు కూలి ఉన్నాయి. ప్రతి వేసవిలోనూ పత్రికలలో మునిగిపోయిన పిల్లల వార్తలు చదువుతూనే ఉన్నాం. కాబట్టి నేనే వద్దన్నాను. వాకిట్లో గంగాళం నింపి, పైపు చేతికిచ్చాను. గంగాళంలో ఈత రాదుగాని కేరింతలు వచ్చాయి.

నాలుగో రోజున చిన్నాయన మమ్మల్ని హడలగొట్టాడు. బత్తాయి తోటకు నీళ్ళు కట్టాలని పెద్దమ్మ చూడకుండా పట్టపగలు వెళ్ళి, రెండు గంటలకు తూలుతూ వచ్చాడు. ఒళ్ళు కాలిపోతోంది. నన్ను చూసి ఎవరి పేరో పెట్టి పిలిచాడు. మాట తడబడడం, మనిషి తికమకపడడం వడదెబ్బకు గుర్తులు. అది ఉత్త నీరసం కాదు, ప్రాణంమీదికి వచ్చిన సంగతి. ఎవరో ఉల్లి రసం అన్నారు, ఎవరో షరబత్తు తెచ్చారు. "నోట్ల ఏం పోయకుండ్రి, స్మారకం సరిగ లేదు. కొర పోతది" అంది పెద్దమ్మ. వేపచెట్టు కింద నులక మంచంమీద పడుకోబెట్టి, అంగీ తీసి, ఒంటిమీద బిందెలకొద్దీ నీళ్ళు పోయించింది. నేను 108కు ఫోన్ చేశాను. చంకలలో, మెడకింద తడిగుడ్డలు పెట్టి మేమంతా విసురుతూనే ఉన్నాం. నలభై డిగ్రీల ఎండలో ఉత్త పంకా గాలి వేడిని ఇంకా ఎక్కిస్తుంది, తడి ఒంటిమీద అయితేనే ఉపకారం చేస్తుంది. మంచం నులకది కావడంచేత కిందినుంచీ గాలి ఆడింది. వాహనం వచ్చేసరికి ఆయన నన్ను నా పేరుతో పిలిచాడు.

ఆస్పత్రినుంచి మూడోనాడు వచ్చాడు. ఆ తరువాత తోటకు తెల్లవారుజామునే పోయేవాడు, వెంట సీసా నిండా ఉప్పు చక్కెర నీళ్ళు. లీటరు నీటికి తలకొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా సుమండీ, ఉప్పు హెచ్చితే ప్రమాదం.

రాత్రి పడక సంగతి. పెద్దమ్మది గూన పెంకుల ఇల్లు, పొద్దుగూకేసరికి చల్లబడుతుంది. పక్కనే చిన్నాయన కట్టిన డాబా ఉంది. సిమెంటు కప్పు పగలంతా తాగిన వేడిని అర్ధరాత్రిదాకా ఇంట్లోకి కక్కుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ఒకటి తెచ్చింది. తెల్లని కప్పు ఎండను తిప్పికొడుతుంది కదా! మేమూ ఒక సాయంకాలం సున్నం కలిపి, చీపుళ్ళతో డాబా అంతా రెండు పూతలు పూశాం. పిల్లలు కప్పుకంటే ఎక్కువ తెల్లబడ్డారు. మర్నాటి రాత్రికి కింది గదిలో తేడా తెలిసింది. చిన్నాయన ఒప్పుకోలేదుగాని, మంచం మాత్రం లోపలికి వేయించుకున్నాడు.

మృగశిర రాకముందే తిరుగు ప్రయాణం. మా అమ్మాయి పట్టుబట్టి కుమ్మరి వాడలో ఒక రంజన్ కొనిపించింది. దాన్ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంది. కండక్టరు దానివంక చూసి, "ఫుల్ టికెటా, హాఫ్ టికెటా అమ్మా?" అన్నాడు.