అరగడం వేరు, ఒంటబట్టడం వేరు

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



శ్రీరామనవమి వచ్చిందంటే భద్రాచలంలోనే కాదు, మన ఖమ్మంలో ఏ పందిరి దగ్గరికి వెళ్ళినా పానకం, వడపప్పు చేతిలో పెడతారు గదా! ఒక ఏడు నవమికి నేనూ వడపప్పు చేసి, నైవేద్యం పెట్టి, ఇంటిల్లిపాదికీ పంచాను. మా అత్తయ్యకు మాత్రం పెట్టలేదు. "ఆవిడకు పప్పు అరగదు" అన్నాను. డెబ్బై దాటిన మనిషి, పది రోజులు జ్వరంతో పడుకుని లేచింది మరి. జ్వరం తగ్గాక కూడా మూడు వారాలపాటు నేను ఆవిడకు పెట్టిందల్లా సగ్గుబియ్యం జావ, బార్లీ నీళ్ళు, మెత్తటి అన్నంలో పల్చటి చారు. తేలిగ్గా అరుగుతుందా లేదా అన్నదొక్కటే నా లెక్క. చివరికి ఒకరోజు ఆవిడ మంచం దిగబోయి, గోడ పట్టుకుని అక్కడే కూలబడింది. డాక్టరుగారు చూసి, "జ్వరం ఎప్పుడో పోయిందమ్మా! ఇప్పుడున్నది తిండిలేమి. కండ కరిగిపోయింది" అన్నారు.

వేళకు పెడుతూనే ఆవిడను పస్తుంచానన్నమాట! ఆ తప్పు మీ ఇంట్లో జరగకూడదనే ఈ నాలుగు మాటలూ.

మనం "అరుగుదల" అంటూ ఒకే మాట వాడతాం గాని, అందులో మూడు సంగతులున్నాయి. తిన్నది జీర్ణాశయంలోంచి ఎంతసేపటికి కిందికి దిగుతుంది అన్నది ఒకటి. అందులోని మాంసకృత్తులు, అదే ప్రోటీన్లు, నూటికి ఎన్ని పాళ్ళు ఒంటబడతాయి అన్నది రెండోది. తిన్నాక కడుపు ఉబ్బరిస్తుందా అన్నది మూడోది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లనే చిక్కంతా వస్తోంది.

మొదటి సంగతి మనకు ఎలా తెలిసిందో వింటే ఆశ్చర్యపోతారు. 1822లో అమెరికాలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కుర్రవాడికి తుపాకి పేలి పొట్టకు గాయమైంది. ప్రాణం దక్కింది గాని, జీర్ణాశయానికి పడిన కన్నం పూడలేదు. వైద్యం చేసిన విలియం బోమాంట్ అనే సైనిక డాక్టరు, పట్టుదారానికి తిండి ముక్కలు కట్టి ఆ కన్నంలోంచి లోపలికి దించి, ఏది ఎంతసేపటికి కరుగుతుందో గడియారం పెట్టి చూశాడు. 1833లో ఆ లెక్కలన్నీ పుస్తకంగా వేశాడు. అన్నం గంట, కాచిన పాలు రెండు గంటలు, మెత్తగా ఉడికిన గుడ్డు మూడు గంటలు, గట్టిగా ఉడికినది మూడున్నర, కోడిమాంసం నాలుగు, కాల్చిన పంది మాంసం అయిదుంబావు గంటలు. గిలక్కొట్టిన పచ్చి గుడ్డుకు మాత్రం గంటన్నరే పట్టింది.

ఇది విని, "అయితే పచ్చి గుడ్డే మంచిదన్నమాట" అనుకునేరు! అక్కడే ఉంది అసలు కిటుకు. 1998లో బెల్జియం శాస్త్రజ్ఞులు చూస్తే, ఉడికిన గుడ్డులోని మాంసకృత్తుల్లో నూటికి సుమారు 91 పాళ్ళు ఒంటబట్టాయి. పచ్చి గుడ్డులోవి సుమారు 51 పాళ్ళే! అంటే జీర్ణాశయం త్వరగా దాటినంత మాత్రాన మేలు చేసినట్టు కాదు. బండి స్టేషన్లో ఆగకుండా వెళ్ళిపోతే మన సామాను దిగుతుందా చెప్పండి? పిల్లలకు బలమని పాలల్లో పచ్చి గుడ్డు కొట్టి పోసే తల్లులు ఇది గమనించాలి. పచ్చి గుడ్డుతో వాంతులు, విరేచనాలు పట్టుకునే ప్రమాదం కూడా ఉంది.

ఉడికితే ఏమవుతుందీ అంటారా? మాంసకృత్తులు చుట్టలు చుట్టుకున్న నూలుకండెలాంటివి. పొయ్యి వేడికి, కడుపులోని ఆమ్లానికి ఆ చుట్ట విడుతుంది. అప్పుడు జీర్ణరసాలు దాన్ని తేలిగ్గా తుంచగలుగుతాయి. జీర్ణాశయంలో మొదలైన ఈ పని చిన్నప్రేగులో పూర్తవుతుంది. చివరికి అవి అమినో ఆమ్లాలనే చిన్న ముక్కలై రక్తంలో కలుస్తాయి. కండ పట్టినా, గాయం మానినా వీటి చలవే.

ఇక మన పప్పు మాటకొద్దాం. "పప్పు అరగదు, గ్యాసు చేస్తుంది" అంటాం. ఆ గ్యాసు పప్పులోని మాంసకృత్తుల వల్ల వచ్చేది కాదు. పప్పుల్లో కొన్ని రకాల చక్కెరలున్నాయి. వాటిని విడగొట్టే రసం మన చిన్నప్రేగులో లేదు. అవి అలాగే పెద్దప్రేగులోకి దిగితే, అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెడతాయి. అదీ ఉబ్బరం! అది జరిగేసరికి మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం పైననే ఒంటబట్టేసి ఉంటుంది. గుడ్డు, పాలు, మాంసం, చేపల్లోవి నూటికి 90 పాళ్ళ పైన ఒంటబడితే, పప్పుదినుసుల్లోవి ఇంచుమించు 80 పాళ్ళు. తేడా ఉంది, నిజమే. కాని మానేయాల్సినంత తేడానా అది?

ఆ తేడా తగ్గించే కిటుకులు మన వంటింట్లోనే ఉన్నాయి. శనగలు, బొబ్బర్లు, ఉలవలు రాత్రి నానేసి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో మెత్తగా ఉడికించండి. పచ్చి గింజల్లో జీర్ణరసాలకు అడ్డుపడే పదార్థం ఉంటుంది. అది ఉడికితేనే చాలావరకు పోతుంది. పప్పు మెత్తబడకముందే చింతపండు పులుసు పోయకండి, బిరుసెక్కుతుంది. ఉడకడానికని సోడా కూడా వేయవద్దు, బి విటమిను పోతుంది. అన్నిట్లోకీ కడుపుకు నెమ్మదైనది పెసరపప్పు. వడపప్పు చెంచాడు ప్రసాదంగా తింటే ఎవరికీ ఏమీ కాదు గాని, ఒంటబట్టాలంటే ఉడికిన పెసరపప్పే నయం. మినప్పప్పునే చూడండి! పులిసిన పిండితో ఇడ్లీ వేస్తే హాయిగా దిగిపోతుంది. అదే పప్పును నూనెలో గారె వేస్తే గంటలకొద్దీ కడుపులో కూర్చుంటుంది. నూనె, నెయ్యి ఎక్కువైతే జీర్ణాశయం ఖాళీ అవడం ఆలస్యమవుతుంది. నేరం గారె చుట్టూ ఉన్న నూనెది, నింద మాత్రం పప్పుది!

మాంసమూ అంతే. చేపలో కండను పట్టి ఉంచే నార తక్కువ. కాబట్టి గోదావరి చేప చిటికెలో ఉడుకుతుంది, తేలిగ్గా అరుగుతుంది. ముదురు నాటుకోడి, వేటమాంసం సన్నటి సెగ మీద నిదానంగా ఉడకాలి. పచ్చి బొప్పాయి ముక్క వేస్తే మెత్తబడటం మీకు తెలిసిందే. దాని పాలలో మాంసకృత్తులను తుంచే గుణం ఉంది.

ఇంకొక భ్రమ. జబ్బుమనిషికి పప్పుకట్టు, మాంసం రసం ఇచ్చి, బలమంతా నీళ్ళలో దిగిందనుకుంటాం. మన అడవి అంచు సంతల్లో ఉలవలు కొనుక్కొచ్చి, చారు మనం తాగి, గింజలు గొడ్లకు పెట్టడం ఎరుగుదుం గదా? గింజలోని మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది. బలం పశువుది, రుచి మనది! జబ్బుమనిషికి ఇచ్చేటప్పుడు కట్టు వంచేయకుండా పప్పునే మెత్తగా మెదిపి పెట్టండి.

నిదానంగా అరగడం తప్పేమీ కాదని కూడా చెప్పాలి. పాలు కడుపులోకి వెళ్ళగానే అక్కడి ఆమ్లానికి పెరుగులా గడ్డకడతాయి. విరుగుడు నీళ్ళలో ఉండే మాంసకృత్తులు ముందే దిగిపోతాయి, గడ్డ మాత్రం నిదానంగా కరుగుతుంది. 1997లో ఫ్రాన్సులో చేసిన పరిశోధనలో, విరుగుడులోవి రక్తంలో చప్పున పెరిగి చప్పున తగ్గాయి. గడ్డకట్టేవి ఏడు గంటలపాటు కొద్దికొద్దిగా అందుతూనే ఉన్నాయి. రాత్రి పడుకోబోయే ముందు గ్లాసుడు పాలు తాగే మన అలవాటు చెడ్డదేం కాదన్నమాట. పాలు పడనివారికి పెరుగుంది.

మరి రోజుకెంత కావాలి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్కలో, 55 కిలోల స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు అవసరం. బిడ్డకు పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు ఇంకో 17 గ్రాములు కావాలి. గుడ్డుకు 6 గ్రాములు, గ్లాసు పాలకు 6, గుప్పెడు పప్పుకు 7 చొప్పున కూడి చూసుకోండి. కొంత అన్నం, రొట్టెల్లోంచీ వస్తుంది. బియ్యంలో తక్కువైన అమినో ఆమ్లం పప్పులో ఉంది, పప్పులో తక్కువైనది బియ్యంలో ఉంది. మూడు వంతుల బియ్యానికి ఒక వంతు పెసరపప్పు వేసిన పులగం అందుకే పథ్యానికి దివ్యమైనది. ఒంట్లో మాంసకృత్తులను కొవ్వులా దాచుకునే కొట్టు లేదు. కాబట్టి మూడు పూటలా కొంచెం కొంచెం సర్దాలి.

ఆరోగ్యలక్ష్మి పథకం పెట్టిన 2015లోనే చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి పల్లెల అంగన్వాడీల్లోనూ గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనంలో పప్పు, గుడ్డు, పాలు చేర్చారు. పట్నంలో ఉన్న మనమేమో బాలింతకు "పప్పు వాతం, గుడ్డు వేడి" అంటూ కారప్పొడి అన్నం పెట్టి, పిల్ల నీరసపడిందని దిగులు పడుతున్నాం. ఎంత విడ్డూరం!

ఒక్క హెచ్చరిక. మూత్రపిండాల జబ్బు, కాలేయం జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. మిగతావారికి పథ్యం పెట్టేటప్పుడు "ఇది అరుగుతుందా" అని అడిగి ఊరుకోకండి. "దీనిలో ఒంటబట్టేది ఏముంది" అని కూడా అడగండి.

ఇంతకీ మా అత్తయ్య ఏమైందో చెప్పలేదు గదూ! ఉదయం పాలు, మధ్యాహ్నం పెసరపప్పు పులగం, పెరుగు, సాయంత్రం రెండు ఇడ్లీ పెట్టాను. డాక్టరుగారు చెప్పినట్టు రోజూ కాసేపు వాకిట్లో నడిపించాను. కోలుకోవడానికి నెలలే పట్టింది. మరుసటి నవమికి నా చెయ్యి పట్టుకుని భద్రాచలం గుడిమెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. పైన వడపప్పు చేతిలో పెడితే నా వంక చూసి, "తిననిస్తావా?" అంది.